మచ్చలేని ట్యాంకు

గుండ్లమిట్ట బస్టాండు ఎదురుగా పురుగుమందుల కొట్టుంది. దాని మీద మేడగదిలో ‘జల్లెడ’ అనే ఆన్‌లైన్ పత్రిక నడుస్తుంది. మెట్లెక్కేసరికి మందుల ఘాటుకి ఎవరికైనా కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. అర్జీ పట్టుకొచ్చేవాళ్ళలో నిజంగా ఏడ్చేదెవరో, ఘాటుకి ఏడ్చేదెవరో పోల్చుకోవడం సంపాదకుడు మాలకొండ్రాయుడికి మొదట్లో కష్టమయ్యేది. తర్వాత అలవాటుపడ్డాడు.

రాయుడు పెద్ద పత్రికలకి చాలా ఏళ్ళు పల్లె విలేకరిగా పనిచేశాడు. రాసినవాటిలో పనికొచ్చేవి బుట్టలోకీ, పనికిరానివి అచ్చులోకీ పోతుంటే విసుగెత్తి, సొంతంగా ఈ జల్లెడ పట్టుకున్నాడు. ఆయనా, మస్తానీ అనే విలేకరీ, ఒక కంప్యూటరూ, ఇద్దరికీ చెరో బండీ. బలగమంటే అంతే. అయినా వాటిలో ఏ ఒక్క బండి మలుపు తిరిగినా చాలు, ఆఫీసుల్లో పెద్దలకి ఉన్నపళంగా క్షేత్ర పర్యటనలు గుర్తొచ్చేవి.

జల్లెడకి ఒక కట్టుబాటుంది. ఎవరి మీద వార్త రాసినా, వేసే ముందు వాళ్ళకి ఫోన్ చేసి “మీ మీద ఫలానా వార్త వేస్తున్నాం, మీ వివరణ ఏంటి?” అని అడగాలి. వివరణ ఇస్తే అక్షరం మార్చకుండా వేయాలి. ఎవరూ ఇచ్చేవాళ్ళు కాదు, అది వేరే సంగతి. దాంతో ప్రతి వార్తా “ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆయన స్పందించలేదు” అనే వాక్యంతో ముగిసేది. బస్టాండులో టీకొట్టు బాలగురవయ్య అయితే ఫోన్లో వార్తని అడుగు నుంచి మొదలుపెట్టేవాడు. ఆ వాక్యం కనబడితే “ఊఁ, నిజమే” అనుకుని, అప్పుడు పైకి వెళ్ళి మిగతాది చదివేవాడు.

అంతా సవ్యంగా సాగుతుండగా రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. అక్కడెవరో పెద్దాయన నాలుగు దేశాలు తిరిగొచ్చాడు. పారదర్శకత ఉన్నచోటే ఫ్యాక్టరీలు మొలుస్తాయని ఎక్కడో విన్నాడు. విన్నవాడు విన్నట్టుండక సంతకం పెట్టాడు.

‘ప్రతి ప్రభుత్వ శాఖయు నెలకు ఒక పర్యాయమైనను స్వతంత్ర పరిశోధనాత్మక మాధ్యమమునందు విధిగా బహిర్గతము కావలెను. బహిర్గతమైన లోపములకు సదరు జిల్లాకు మార్కులు ఇవ్వబడును. బహిర్గతము కాని శాఖలను, లోపము లేదని వార్త వెలువడిన శాఖలను దాపరికపు శాఖలుగా పరిగణించి, సదరు జిల్లా సాధించిన మార్కులన్నియు రద్దుపరచబడును. అధికారుల పదోన్నతులు ఈ బహిర్గత సూచికపై ఆధారపడియుండును.’

ఉత్తర్వు వచ్చిన మర్నాడే తహసీల్దారు పానకాలరావు మిఠాయి పెట్టెతో జల్లెడ మెట్లెక్కాడు. వాగు పోరంబోకు ఆక్రమణ వార్త అప్పుడు ఈయనే ఆఫీసు బాత్‌రూములో గొళ్ళెం వేసుకుని, రాయుడు వెళ్ళిపోయాడని బంట్రోతు చెప్పేదాకా బయటికి రాలేదు.

“రాయుడు గారూ, మమ్మల్ని బొత్తిగా మరిచిపోయారు,” అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

“ఎట్టా మరిచిపోతానండీ? వాగు పోరంబోకు సంగతి ఇంకా తేలలేదు గదా.”

“అబ్బెబ్బే, అంత లోతుకెందుకులెండి. శాఖ గౌరవానికి భంగం లేకుండా ఏదన్నా ఓ మోస్తరు లోపం చాలు. నేనే ఒకటి చూసి పెట్టా. మా ఆఫీసు గోడ గడియారం వెనకబడి నడుస్తోంది. ‘కాలంతో చెలగాటం’ అని వేయండి. అక్షరాలు మాత్రం పెద్దవి పెట్టించండి.”

రాయుడికి నవ్వొచ్చింది. కానీ కట్టుబాటు కట్టుబాటే. “మీ వివరణ?” అన్నాడు.

పానకాలరావు జేబులోంచి టైపు చేయించిన కాగితం తీసి చదివాడు. “ఆరోపణ ప్రాథమికంగా వాస్తవమని తేలినది. బాధ్యులపై కఠిన చర్యలు గైకొనబడును.”

“బాధ్యులెవరండీ?”

“గడియారం.”

రాయుడు సరదాకే వేశాడా వార్త. తెల్లారేసరికి ఊరంతా చదివింది. గడియారం సస్పెండై బీరువాలోకి పోయింది. పానకాలరావుకి డివిజన్ ఆఫీసులో పూలదండ పడింది.

ఇక చూడండి! పురుగుమందుల కొట్టాయన మెట్ల కింద బెంచీలు వేయించాల్సి వచ్చింది. వ్యవసాయ శాఖ, విద్యాశాఖ, రోడ్లు, రిజిస్ట్రేషన్లు, అందరూ వరసలో కూర్చుని మా లోపం ముందంటే మా లోపం ముందని పోట్లాడుకునేవాళ్ళు. రాయుడు నంబరు నొక్కీ నొక్కకముందే అవతల “వివరణ రాసుకోండి” అని గొంతు వినిపించేది.

పశువుల డాక్టరు ఏసుపాదం మాత్రం రోజూ వచ్చి బెంచీ చివర తలొంచుకు కూర్చుని పోయేవాడు. ఒకనాడు రాయుడే పైకి పిలిచాడు.

“ఏంది డాక్టరు గారూ, మీది ఏం లోపం?”

డాక్టరు కళ్ళు తుడుచుకున్నాడు. ఘాటుకి కాదు, నిజంగానే ఏడుస్తున్నాడని రాయుడు పోల్చుకున్నాడు. “మా కాడ ఏమీ లేదు సార్. మూడేళ్ళుగా మాకు బడ్జెట్టే రాలా. బడ్జెట్టు లేకుండా తినమంటే ఏం తినేది? అట్టాగని లోపం లేదని మీరు రాశారో, జిల్లా మొత్తానికి సున్నా. నన్ను ఏ అడవుల్లోకో తోసేస్తారు.”

“పోనీ బర్రెల మందులు?”

“వస్తే గదా!”

చివరికి ఆయన ఆసుపత్రిలో పెంచే జాతి పుంజుని వారం పాటు ఇంట్లో కట్టేసుకునేటట్టు ఒప్పందం కుదిరింది. ‘పశువైద్యశాల పుంజు మాయం’ అని జల్లెడ వేసింది. డాక్టరుకి మెమో వచ్చింది. ఆ మెమోకి పటం కట్టించుకున్నాడు.

ఇంత గిరాకీని గాలికొదిలేస్తే ఎలాగని జిల్లా యంత్రాంగం ఒక బహిర్గత సమన్వయాధికారిని వేసింది. ఆయన పేరు విశ్వంభరరావు. మాట్లాడేటప్పుడు చేతులు కట్టుకుని, ఎదుటివాణ్ణి కాకుండా ఎదుటివాడి వెనక గోడని చూస్తాడు. రాగానే లోపాలని సూక్ష్మం, లఘువు, మధ్యమం అని మూడు తరగతులు చేశాడు.

“భారీ లోపాల సంగతేంటండీ?” అనడిగాడు రాయుడు.

“భారీ లోపములు జిల్లా ప్రతిష్ఠకు సంబంధించిన అంశము. వాటిని ప్రోత్సహించే ప్రతిపాదన ప్రస్తుతానికి లేదు.”

ఆయనే ఏ శాఖ ఏ రోజు బయటపడాలో ముందుగా వంతులు కేటాయించాడు. ఆ తర్వాత మండల పరిషత్ హాల్లో ఉద్యోగులకి ‘పట్టుబడు నైపుణ్యములు’ అని శిక్షణ పెట్టించాడు. ముఖ్య అతిథి మాలకొండ్రాయుడు. కెమెరా చూడగానే ఎలా ఉలిక్కిపడాలో, చెయ్యి అడ్డం పెడుతూనే మొహం కనబడేటట్టు ఎలా జాగ్రత్తపడాలో గుమాస్తాలచేత వరసగా చేయించారు. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఆయన ఎంత చెప్పినా ఉలిక్కిపడలేకపోయాడు. “అలవాటు పోయిందండీ,” అన్నాడు సిగ్గుపడుతూ. మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం పెట్టారు. రాయుడికి శాలువా కప్పారు.

రాయుడికి లోపల్లోపల కాస్త గుచ్చుకుంటూనే ఉంది. కానీ జల్లెడ చదివేవాళ్ళు పదింతలయ్యారు. తహసీల్దారు ఆఫీసులో కొత్త గడియారం సరైన టైము చూపిస్తోంది. ‘ఏదో ఒక పని జరుగుతోంది గదా’ అని తనకి తానే వివరణ ఇచ్చుకునేవాడు. నిన్నటిదాకా తనని చూసి దాక్కున్నవాళ్ళు ఇప్పుడు కుర్చీ తుడిచి వేస్తుంటే కూర్చోకుండా ఉండటం కష్టమే.

“శాలువాలు బాగానే పోగయ్యాయన్నా. కుట్టిస్తే బొంత అవుద్ది,” అంది మస్తానీ.

ఆ రోజు ఆమె వచ్చింది శాలువాల సంగతి మాట్లాడటానికి కాదు. ఫోన్లో ఫోటోలు చూపించింది. సింగనపాలెంలో మంచినీళ్ళ ట్యాంకు. కట్టి రెండేళ్ళు కాలేదు. స్తంభాలు నిలువునా పగిలి, లోపలి ఇనుపచువ్వలు తుప్పుపట్టి బయటికొచ్చాయి. దాని కిందనే అంగన్‌వాడీ.

“పోయిన నెల చూపించా. వచ్చే నెల వేద్దామన్నావు. ఇప్పుడేమంటావు?”

రాయుడు గోడ మీద వంతుల పట్టీ చూశాడు. “ఈ నెలా ఖాళీ లేదే మస్తానీ. పట్టుపరిశ్రమ వాళ్ళదుంది, గ్రంథాలయం వాళ్ళదుంది...”

“పట్టుపురుగులు ఎవురి నెత్తిన పడతాయన్నా?” అంది మస్తానీ. “ఆ ట్యాంకుకి చెప్పిరానా, నీ వంతు ఇంకా రాలేదు, అందాకా కూలమాకని?”

రాయుడు ఇంకోసారి ఫోటోలు చూశాడు. అప్పుడు ఒక సంగతి తట్టింది. ఇన్ని శాఖలు బెంచీల మీద వరస కట్టాయి. నీటి శాఖ నుంచి గుమాస్తా వచ్చి నెలకో కారే కుళాయి రాయించిపోయేవాడు గానీ, ఆ ట్యాంకు కట్టించిన ఏఈ వరదాచలం మాత్రం ఒక్కనాడూ మెట్లెక్కలేదు. రాయుడు ఆయన నంబరు నొక్కాడు. మోగింది, ఆగింది. మళ్ళీ నొక్కాడు. మోగింది, ఆగింది. మూడోసారికి స్విచాఫ్.

నెలల తర్వాత రాయుడి మొహంలోకి నెత్తురొచ్చింది. “బండి తియ్యి,” అన్నాడు.

సింగనపాలెంలో వీళ్ళు వెళ్ళేసరికి అంగన్‌వాడీ టీచరు అంకమ్మ పిల్లల కంచాలని వాకిట్లో ఒక మూలకి జరుపుతోంది. పైనుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. నీళ్ళతోపాటు సున్నంలాంటి పొడి రాలుతోంది.

“అన్నంలో పడకుండా రోజుకో పక్కకి జరుపుతుండా,” అంది అంకమ్మ. “ఇంక జరపటానికి పక్కలు లేవు.”

“పిల్లల్ని వేరేచోట కూర్చోబెట్టరాదా అమ్మా?”

“నా ఇంట్లో పెట్టుకుంటానన్నా. కేంద్రం వదిలిపెడితే ఉద్యోగం తీసేస్తామన్నారు. పోనీ నీళ్ళన్నా ఎక్కించమాకండి అంటే, నీళ్ళు ఎక్కించకపోతే ట్యాంకు పనిచెయ్యటంలేదని లెక్కలో పడుద్దంట.”

రాయుడు స్తంభాన్ని గోటితో గీరాడు. గోరు దిగింది. లోపలి నుంచి వచ్చింది సిమెంటు కాదు, వాగులో ఒండ్రు ఇసుక. రెండేళ్ళ పిల్లవాడొకడు వచ్చి తనూ గీరి, చేతిలోకి వచ్చిన పెళ్ళ రాయుడికి ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నమే వార్త పెట్టారు. తరగతుల్లేవు, వంతుల్లేవు. ‘పిల్లల నెత్తిన ఇసుక ట్యాంకు’. కింద రాయుడు ముచ్చటపడి టైపు చేశాడు: “ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఏఈ వరదాచలం స్పందించలేదు.”

టీ చల్లారకముందే విశ్వంభరరావు ఆఫీసు నుంచి వివరణ దిగింది. “ఏఈ తరపున: ఆరోపణ ప్రాథమికంగా వాస్తవమని తేలినది. బాధ్యులపై కఠిన చర్యలు గైకొనబడును.” వివరణ వచ్చాక వేయకపోవడం జల్లెడ కట్టుబాటు కాదు. పళ్ళు కొరుక్కుంటూ రాయుడు ఆ వాక్యం తీసేసి ఇది పెట్టాడు.

సాయంత్రం టీకొట్టు దగ్గర బాలగురవయ్య వార్తని అడుగు నుంచి మొదలుపెట్టి, అడుగునే ఆపేశాడు.

“ఇదీ మాట్లాడుకుని రాసిందేగా రాయుడన్నా,” అన్నాడు గ్లాసు కడుగుతూ.

“కాదు బాలగురవయ్యా. ఇది నిజం.”

“పుంజు అప్పుడూ అదే అన్నావు. పుంజు ఫోటో బాగొచ్చింది గానీ, ఈ ట్యాంకు ఫోటోలో పగుళ్ళు మరీ ఎక్కువ దిద్దారన్నా. కొంచెం తగ్గిచ్చాల్సింది.”

రాయుడు టీ తాగకుండానే లేచాడు. కింద బెంచీల మీద జనం ఉన్నన్నాళ్ళూ పైన తన పత్రిక మీద నమ్మకం మెల్లిగా ఖాళీ అయిపోయిందని ఆయనకి అప్పుడు అర్థమైంది.

మర్నాడు సింగనపాలెం నుంచి అంకమ్మ ఫోన్ చేసింది. చర్య తీసుకోవడానికి మనుషులొచ్చారట. సంతోషపడి ఇద్దరూ బండ్లేసుకుని పోయారు. ట్యాంకుకి నిచ్చెన ఆనించి పెయింటరు ఒకడు పెద్దపెద్ద అక్షరాలు రాస్తున్నాడు: ‘ఇది బహిర్గతమైన ట్యాంకు’. నిచ్చెన తగిలినచోటల్లా పెళ్ళలు రాలుతున్నాయి.

“చర్యంటే ఇదేనా?” అనరిచింది మస్తానీ.

కింద గొడుగు నీడలో విశ్వంభరరావు చేతులు కట్టుకుని అంగన్‌వాడీ గోడని చూస్తున్నాడు. “ప్రక్రియ పరిపూర్ణమైనది. లోపం బహిర్గతమైనది, వివరణ వెలువడినది, సూచికలో నమోదైనది. ఇకపై ఇది పారదర్శకమైన పగులు.”

“కూలితేనో?”

“కూలినచో, ముందుగానే బహిర్గతమైన ట్యాంకు కూలినదని పేర్కొనబడును. దాపరికం ఉండదు. మీకో శుభవార్త. మన జిల్లా ప్రథమ స్థానంలో ఉన్నది. శుక్రవారం రాజధానిలో బహుమతి ప్రదానం.”

తిరుగుదారిలో రాయుడు వాగు గట్టున బండి ఆపాడు.

“మనం తిట్టినంతకాలం వాళ్ళకి మార్కులే మస్తానీ,” అన్నాడు. “తిట్టటం మానేద్దాం.”

“పొగుడుదామా ఏంది?”

“ఆఁ.”

“నీకు శాలువాలు తలకెక్కినట్టుండయ్యన్నా.”

“డాక్టరు ఏసుపాదం ఎందుకేడ్చాడో గుర్తుందా నీకు?”

మస్తానీకి గుర్తొచ్చింది. ఆమె నవ్వుకి గట్టు మీది కొంగలు లేచిపోయాయి. నవ్వయ్యాక అడిగింది, “అబద్ధం రాస్తామా మరి?”

“ఇక మీదట జల్లెడలో అబద్ధం పడదు. మన కట్టుబాటే చాలు.” వరదాచలం నంబరుకి ఈసారి ముందుగా సందేశం పెట్టాడు: ‘మీ శాఖ నాణ్యత గురించి మంచివార్త వేస్తున్నాం. మీ వివరణ కావాలి.’

వరదాచలమే తిరిగి ఫోన్ చేశాడు. గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది. మంచివార్త అనేసరికి ఉత్తర్వు సంగతే మరిచాడు. “చూశారా రాయుడు గారూ, నిన్న ఎవరో మీకు తప్పుడు సమాచారం ఇచ్చారు. నాకు మనసు కష్టపెట్టుకునే అలవాటు లేదు.”

“ఆ ట్యాంకులో లోపమేమన్నా ఉందంటారా?”

“లోపమా? గోరంత లేదు! నా సర్వీసులో అంత గట్టి కట్టడం కట్టలేదు. మా శాఖలోనే లోపమన్నది లేదు. రాసుకోండి.”

“అక్షరం మార్చకుండా వేస్తామండీ.”

వేశారు. ‘మా శాఖలో లోపమన్నది లేదు: ఏఈ వరదాచలం’. కింద ఆయన మాటలే ఉన్నాయి, జల్లెడ మాట ఒక్కటీ లేదు.

సాయంత్రానికి రాజధానిలో మీట నొక్కినట్టు జిల్లా మార్కులన్నీ సున్నా అయ్యాయి. గడియారం మార్కులు, పుంజు మార్కులు, గ్రంథాలయంలో చెదలు తిన్న కుర్చీ మార్కులు, అన్నీ పోయాయి. ప్రథమ స్థానం నుంచి చిట్టచివరికి జారిపోయింది. శుక్రవారానికి ఇంకా రెండు రోజులే ఉన్నాయి. విశ్వంభరరావు జీవితంలో మొదటిసారి ఎదుటివాడి మొహంలోకి చూసి మాట్లాడాడు. ఆ మొహం వరదాచలానిది.

“లోపం లేదని ఎట్లా అన్నావయ్యా? నీకు సిగ్గుండక్కర్లేదా?”

“ఉందండీ, లోపం ఉంది...”

“ఉంటే నిరూపించు!”

పొద్దున్నే సింగనపాలెంలో దుమ్ము లేచింది. రెండు పొక్లెయినర్లు, కొలిచే టేపులు, వీడియో తీసేవాళ్ళు, వరసగా జీపులు. అంకమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని తన ఇంటి అరుగు మీద కూర్చుంది. ఉద్యోగం మాట ఈసారి ఎవరూ ఎత్తలేదు. ముందు ట్యాంకులో నీళ్ళన్నీ వదిలేశారు. ఆ తర్వాత రాజధాని నుంచి వచ్చి కుర్చీల్లో కూర్చున్న పరిశీలనా బృందం ముందు వరదాచలం సుత్తి పట్టుకుని నిలబడ్డాడు.

“ఇటు చూడండి సార్!” అని మొదటి స్తంభాన్ని కొట్టాడు. అంతా జలజలా రాలింది. “ఇందులో సిమెంటు ఎక్కడుందో చూపించండి చూద్దాం!”

బృందం నాయకుడు పెదవి విరిచాడు. “ఒక్క స్తంభంతో ఏం తేలుతుంది? యాదృచ్ఛికం కావచ్చును.”

వరదాచలం చెమటలు కక్కుతూ రెండోదాని దగ్గరికి పరిగెత్తాడు. “చువ్వలు చూడండి సార్, వేలికన్నా సన్నం! నేనే వేయించా! ఒట్టు సార్, నా పిల్లల మీద ఒట్టు, అంతా నేనే తిన్నా!”

“కాంట్రాక్టరుకి వాటా లేదా?”

“ఉంది సార్, ఎందుకుండదు, ఆయన్నీ పిలుస్తా!”

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ట్యాంకు నేలమట్టమైంది. ‘బహిర్గతమైన’ అన్న అక్షరాల పెళ్ళ ఒకటి మాత్రం వెల్లకిలా పడుంది. బృందం చప్పట్లు కొట్టింది. భారీ లోపానికి ప్రత్యేకంగా తరగతి సృష్టించి, పోయిన మార్కులకి రెట్టింపు ఇచ్చారు. విశ్వంభరరావు కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. అక్కడ పురుగుమందుల కొట్టు లేదు కాబట్టి అవి నిజమైన కన్నీళ్ళే.

అంకమ్మ మాత్రం అరుగు మీద పిల్లలకి అన్నం వడ్డిస్తోంది. కంచాలు జరపలేదు.

శుక్రవారం జిల్లాకి ప్రథమ బహుమతి, వరదాచలానికి పతకం వచ్చాయి. లోపం గురించి ఆయనకున్నంత లోతైన అవగాహన మరెవరికీ లేదని గుర్తించి, సింగనపాలెం కొత్త ట్యాంకు బాధ్యత కూడా ఆయనకే అప్పజెప్పారు. అందాకా ఊరికి ట్రాక్టరు మీద నీళ్ళొస్తున్నాయి. జనం బిందెలు పట్టుకుని తిట్టుకుంటున్నారు, వాళ్ళ తిట్లకి మార్కులు లేవు.

కొన్నాళ్ళకి రాజధాని పెద్దాయన ఇంకో దేశం తిరిగొచ్చాడు. అక్కడ పారదర్శకత కాదు, చిరునవ్వు ముఖ్యమని విన్నాడట. పాత ఉత్తర్వు రద్దయి, ఉద్యోగులందరూ నవ్వు సాధన చేసుకోవడానికి అద్దాలు కొనుక్కునే పనిలో పడ్డారు. పురుగుమందుల కొట్టాయన బెంచీలు లోపలికి సర్దేశాడు. మస్తానీ శాలువాలు కుట్టించి బొంత చేసి, అంకమ్మ పిల్లలకి పరిచింది.

కొత్త ట్యాంకు పునాది లేచింది. మస్తానీ వెళ్ళి చూసొచ్చి, రుమాలులో కట్టుకొచ్చిన ఇసుక రాయుడి బల్ల మీద పోసింది. ఒండ్రు ఇసుక.

రాయుడు నంబరు నొక్కాడు. మోగింది, ఆగింది. మళ్ళీ నొక్కాడు.

ఆ సాయంత్రం బాలగురవయ్య టీకొట్టులో ఫోన్ తీసి, వార్తని అడుగు నుంచి మొదలుపెట్టాడు. చూపుడువేలు తెర మీద ఆగిపోయింది. గ్లాసు పక్కనపెట్టి, చేతులు తుడుచుకుని, కొట్టు దగ్గరున్న నలుగురికీ వినబడేటట్టు చదివాడు:

“ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఏఈ వరదాచలం స్పందించలేదు.”

“ఊఁ,” అన్నాడు. “అయితే నిజమే. ఎవురన్నా సింగనపాలెం పోతుంటే చెప్పండబ్బయ్యా, బండెక్కుతా. ఆ పునాది ఏందో కళ్ళారా చూసొద్దాం.”

నలుగురూ టీలు వదిలేసి లేచారు.